మాతృభాషా దీక్షితుడు – గిడుగు రామమూర్తి పంతులు

ఒకే భాష మాట్లాడే ప్రజలు తమ పరిపాలన తమ భాషలోనే సాగాలని, అందుకు తగిన రాష్ట్రం తమకు ఉండాలని కోరుకోవడం ఆధునిక ప్రపంచ చరిత్రలో పలుచోట్ల కనిపిస్తుంది. కెనడా సమాఖ్యలోని క్విబెక్ రాష్ట్రంలో ఫ్రెంచి మాట్లాడేవారు అధిక సంఖ్యాకులు. ఆంగ్లం ప్రధానంగా గల ఆ దేశంలో తమ భాష క్షీణిస్తుందేమోనన్న భయంతో వారు 1977లో ఫ్రెంచి భాషా రక్షణకై ప్రత్యేక శాసనం చేసుకొన్నారు. స్వతంత్ర ప్రతిపత్తి కావాలా అన్న ప్రశ్నపై 1980లో ఒకసారి, 1995లో మరొకసారి ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. రెండవసారి విడిపోవాలన్నవారు 49.42 శాతం కాగా, కలిసి ఉండాలన్నవారు 50.58 శాతం. అంత స్వల్పమైన తేడాతో ఆ ప్రతిపాదన వీగిపోయింది.

మన దేశంలో ఆంధ్రులు, ఒడియాలు కూడా భాష ఆధారంగా తమకు రాష్ట్రాలు కావాలని ఉద్యమించారు. అయితే వారు దేశం నుండి విడిపోవాలని కోరలేదు. దేశంలో అంతర్భాగంగా ఉంటూనే తమ భాషకు ఒక ఇల్లు కావాలని మాత్రమే కోరారు. కోరికల్లో ఇంత తేడా ఉన్నప్పటికీ, ఇటువంటి ఉద్యమాలన్నింటికీ ఎదురయ్యే ప్రశ్నలు రెండున్నాయి. రెండు భాషలవారు కలిసి జీవించే ఊరు ఏ రాష్ట్రానికి చెందాలి? ఆ రెండు భాషలూ కాని మూడవ భాష మాట్లాడేవారి గోడు ఎవరు వినాలి? ఈ రెండు ప్రశ్నలనూ తన జీవితంలో ప్రత్యక్షంగా ఎదుర్కొన్న తెలుగువాడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన అందరికీ సుపరిచితులు. ఆ ఉద్యమానికి ముందూ వెనుకా ఉన్న ఆయన జీవితం అంతగా ప్రచారానికి రాలేదు.

రామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన, శ్రీకాకుళానికి ఉత్తరాన వంశధారా నదీతీరంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. వీర్రాజు పర్లాకిమిడి సంస్థానంలో చిన్న ఉద్యోగి. ఆనాటికి ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాకు చెందినది. మైదానంలో తెలుగు, ఉత్తరాన ఒడియా, కొండలమీద సవర భాష వినిపించేవి. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఇది అరుదైన ప్రదేశం. తెలుగు ద్రావిడ కుటుంబానికి, ఒడియా ఇండో-ఆర్య కుటుంబానికి, సవర ముండా కుటుంబానికి చెందినవి. పుట్టుకలో పరస్పరం సంబంధం లేని మూడు భాషలు ఒకే సంతలో, ఒకే దారిలో కలుసుకొనేవి. భాషాభేదం ఆ జనులకు నిత్యజీవితంలో భాగమే కాని వివాదానికి కారణం కాదు.

వీర్రాజు ఉద్యోగరీత్యా చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే మరణించారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. బంధువుల ఆదరణతో ఆయన విజయనగరం చేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు కొనసాగించారు. అక్కడే గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి అయ్యారు. తరువాతి కాలంలో తెలుగు వచన స్వరూపాన్నే మార్చివేసిన ఇద్దరు మహనీయులు ఒకే తరగతిగదిలో కూర్చొని చదువుకోవడం విజయనగరం అదృష్టం. రామమూర్తి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరం నెలకు ముప్పై రూపాయల జీతంపై పర్లాకిమిడిలోని రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. నాటి నుండి యాభై ఆరేళ్లపాటు పర్లాకిమిడి ఆయనకు స్వస్థలమయింది.

కుటుంబ భారం వల్ల ఆయన కళాశాలకు వెళ్లి చదువుకోలేకపోయారు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా ఎఫ్.ఎ., బి.ఎ. పరీక్షలకు చదివి నెగ్గారు. చరిత్ర ఆయనకు ప్రీతిపాత్రమైన విషయం. పర్లాకిమిడికి సమీపంలోని శ్రీముఖలింగ క్షేత్రంలో తూర్పు గాంగరాజుల కాలంనాటి శాసనాలు అనేకం ఉన్నాయి. వాటిని చదివేవారు ఆ పరిసరాల్లో లేరు. రామమూర్తి గురువు సహాయం లేకుండా ప్రాచీన లిపులను స్వయంగా అభ్యసించి ఆ శాసనాలను చదివారు. గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని ప్రతిపాదించి, పరిశోధన పత్రికలకు వ్యాసాలు రాశారు. ఆ వంశానికి చెందిన అనంతవర్మ చోడగంగదేవుడే తరువాత పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకొన్నాడు. ఒకే రాజవంశపు చరిత్రను తెలుగువారూ ఒడియాలూ తమదిగా చెప్పుకోవడానికి కారణమిదే. శిలలపై ఉన్న తెలుగును చదివినకొద్దీ రామమూర్తికి మరొక సత్యం బోధపడింది. భాష ఏనాడూ ఒకేచోట నిలిచిపోలేదు. వ్యాకరణాలు ఏమి చెప్పినా, జనుల నోట అది మారుతూనే వచ్చింది.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. వారు అటవీ ఫలసాయంతో సంతలకు దిగివచ్చేవారు. వారి భాష మైదాన ప్రాంతంవారికి తెలియదు. మైదానపు భాష వారికి సరిగా రాదు. వారి భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. తాము మోసపోతున్నా ఆ సంగతి అధికారులకు విన్నవించుకోలేని దుస్థితి వారిది. ఈ పరిస్థితి రామమూర్తిని కలచివేసింది. వారికి విద్య నేర్పాలంటే ముందుగా తాను వారి భాష నేర్చుకోవాలని ఆయన నిశ్చయించుకొన్నారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంట ఉంచుకొని, అతని వద్ద శిష్యుడిలా భాష నేర్చుకొన్నారు. కొండవాసిని ఇంట ఉంచుకొని గురువుగా భావించడం ఆనాటి సంప్రదాయ సమాజానికి రుచించే పని కాదు. రామమూర్తి ఆ విమర్శలను లెక్కచేయలేదు.

సవర భాషలో కొన్ని ధ్వనులు తెలుగులో లేవు. గాలిని కంఠంలో క్షణకాలం ఆపి పలికే మాటలు అందులో ఉన్నాయి. వాటిని సరిగా విని, సరిగా రాసి చూపడానికి ఆయన ఆనాటికి ఐరోపాలో వికసిస్తున్న ధ్వనిశాస్త్రాన్ని సైతం అభ్యసించారు. సవర కథలను, పాటలను సేకరించారు. తెలుగు లిపిలో సవర వాచకాలు తయారుచేశారు. సవర బాలురకు బడి నడిపారు. మొదట్లో ఈ కృషికి ఆయన సొంత ధనమే ఆధారం. కొండ గ్రామాలలో సంచరిస్తుండగా ఆయనకు మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ ప్రభావంతో ఆయనకు వినికిడి శక్తి తగ్గిపోయింది. పరభాషా ధ్వనులను అంత సూక్ష్మంగా విన్న చెవులు ఆ భాషాసేవలోనే శక్తిని కోల్పోయాయి. అయినా ఆయన పని ఆపలేదు. నాలుగు దశాబ్దాల శ్రమ ఫలితంగా 1931లో ఆంగ్లంలో ఆయన రాసిన సవర భాషా వ్యాకరణ గ్రంథం వెలువడింది. తరువాత నిఘంటువులు కూడా వచ్చాయి. ముండా భాషలను పరిశోధించే పండితులకు అవి ఆధార గ్రంథాలయ్యాయి. ప్రభుత్వం ఆయనను కైజర్-ఇ-హింద్ పతకంతో గౌరవించింది. ఈ కృషిలో ఆయన కుమారుడు గిడుగు సీతాపతి తండ్రికి చేదోడు వాదోడుగా నిలిచి, ఆ తరువాత కూడా దానిని కొనసాగించారు.

సవరల బడి నుండి రామమూర్తి నేర్చుకొన్న పాఠమే ఆయనను తెలుగు భాషోద్యమం వైపు నడిపించింది. పిల్లవానికి ఇంటిలో వచ్చిన మాట ద్వారానే చదువు చెప్పాలి. ఆ సూత్రం సవర బాలునికి వర్తించినట్లే తెలుగు బాలునికీ వర్తిస్తుంది. కాని ఆనాటి తెలుగు బడులలో జరుగుతున్నది వేరు. ఇంట్లో ‘వస్తున్నాడు’ అనే పిల్లవాడు పలకమీద ‘వచ్చుచున్నాడు’ అని రాయాలి. ‘చేశాడు’ అంటే తప్పు, ‘చేసెను’ అంటే ఒప్పు. చదువంటే విషయం తెలుసుకోవడం కాక, తన నోటిమాటను తానే దిద్దుకోవడంగా మారిపోయింది.

1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల పర్యవేక్షణాధికారిగా జె. ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చారు. తెలుగు నేర్చుకొంటున్న ఆయనకు, ప్రజలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత వ్యత్యాసం ఎందుకుందన్న సందేహం కలిగింది. ఆ సందేహానికి సమాధానం వెదికే క్రమంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, రామమూర్తి ఒక్కటయ్యారు. ఉపాధ్యాయుల సభలలో వారు ఈ విషయాన్ని చర్చించారు. విజయనగరం సహాధ్యాయులిద్దరూ ఈ విధంగా ఒకే ఉద్యమంలో కలిశారు. కన్యాశుల్కం నాటకంలో ఉత్తరాంధ్ర ప్రజల పలుకుబడికి గురజాడ అప్పటికే సాహిత్య గౌరవం కల్పించారు. ఆ పలుకుబడికి శాస్త్ర ప్రమాణం చూపే బాధ్యతను రామమూర్తి తీసుకొన్నారు. ముప్పై సంవత్సరాల ఉపాధ్యాయ వృత్తి నుండి 1911లో విరమించుకొని, తన కాలమంతా ఈ ఉద్యమానికే అంకితం చేశారు.

1912లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని గ్రాంథికంలోగాని ఆధునిక భాషలోగాని రాయవచ్చునని అధికారులు అనుమతించారు. దీనితో పండితలోకంలో సంచలనం చెలరేగింది. జయంతి రామయ్య పంతులు వంటి విద్వాంసులు ఈ మార్పును తీవ్రంగా వ్యతిరేకించారు. వ్యవహార భాష ప్రాంతానికొక విధంగా ఉంటుందని, దానిని ఆమోదిస్తే తెలుగువారి ఐక్యత దెబ్బతింటుందని వారి వాదన. ఈ వాదనను తేలికగా తీసివేయడానికి వీలులేదు. తెలుగువారు ఒక రాష్ట్రం కోసం ఒక్కటి కావలసిన సమయమది. అందరికీ సమానమైన ఒక రాతభాష ఉండాలన్న ఆరాటం సహజమే. రామమూర్తి 1913లో ఆధునిక తెలుగును గురించి ఆంగ్లంలో ఒక సమగ్ర విజ్ఞాపనపత్రం ప్రకటించి దీనికి సమాధానమిచ్చారు. విద్యావంతులు మాట్లాడుకొనే శిష్టవ్యవహారం అన్ని ప్రాంతాలవారికీ అర్థమవుతుందని, దానినే రాతకు ప్రమాణంగా తీసుకోవాలని ఆయన వాదించారు. అయినప్పటికీ వ్యతిరేకుల పలుకుబడే నెగ్గింది. రెండు మూడేళ్లలోనే ఆ అనుమతి రద్దయింది. 1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు. ఉద్యమభారం రామమూర్తిపై పడింది.

ఆయన వెనుకంజ వేయలేదు. శాసనాల నుండి, ప్రాచీన వచనాల నుండి, వ్యాఖ్యానాల నుండి ఉదాహరణలు ఏర్చి కూర్చారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలలోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలు ఎన్ని ఉన్నాయో ఎత్తి చూపారు. ఎవరూ తప్పు లేకుండా రాయలేని భాషను పసిపిల్లల నుండి ఆశించడం న్యాయమా అన్నది ఆయన ప్రశ్న. ‘గద్య చింతామణి’, ‘బాలకవి శరణ్యం’ వంటి గ్రంథాలు ఈ కృషి నుండి పుట్టినవే. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నెలకొల్పారు. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. తొలుత గ్రాంథికాన్నే ఆదరించిన కందుకూరి వీరేశలింగం పంతులు తన జీవిత చరమదశలో దానికి అధ్యక్షత వహించడం రామమూర్తి సాధించిన గొప్ప విజయం. వినికిడి మందగించినా ఆయన ఊరూరా తిరిగి సభలలో గంటల తరబడి ప్రసంగించారు. క్రమంగా పత్రికలు, కథలు, నవలలు వ్యవహార భాషవైపు మొగ్గాయి. 1933లో డెబ్బై ఏళ్లు నిండిన సందర్భంగా పండితులు ఆయనకు ఒక వ్యాస సంపుటిని సమర్పించి గౌరవించారు.

ఇదే కాలంలో రెండు భాషారాష్ట్రోద్యమాలు ఉత్తరాంధ్ర నేలమీద ఎదురెదురుగా నడిచాయి. మద్రాసు రాష్ట్రంలో తమిళుల ప్రాబల్యంలో తమకు తగిన స్థానం లభించడంలేదని భావించిన ఆంధ్రులు 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభను జరుపుకొన్నారు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం వారి ఆశయం. ఒడియాల పరిస్థితి ఇంకా దయనీయం. వారు బెంగాలు, మద్రాసు, మధ్యపరగణాలు అనే మూడు పాలనా విభాగాలలో చెదిరి, ప్రతిచోటా అల్పసంఖ్యాకులుగా ఉండేవారు. మధుసూదన దాస్ నాయకత్వాన 1903లో ఉత్కళ సమ్మేళనం ఏర్పడింది. చెదిరిన ఒడియా ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని అది కోరింది. తెలుగువారి కోరిక ఎంత న్యాయమైనదో ఒడియాల కోరికా అంతే న్యాయమైనది. కాని రెండు న్యాయాలూ పర్లాకిమిడి వీధులలో ఒకదానినొకటి ఢీకొన్నాయి.

ఒరిస్సా సరిహద్దులను పరిశీలించడానికి ప్రభుత్వం 1931లో ఓడొనెల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ ఒరిస్సా రాష్ట్ర నిర్మాణానికి ప్రముఖంగా కృషి చేసినవారిలో ఒకరు. రాజధాని పట్టణం లేకుండా తన జమీందారీ ఇతర రాష్ట్రంలో ఉండిపోవడం ఆయనకు సమ్మతం కాదు. తాలూకాలోని జనాభాలో మాత్రం తెలుగువారి సంఖ్యే హెచ్చు. ప్రభుత్వం మొదట పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చదలచలేదు. కాని లండనులో పార్లమెంటు సంయుక్త సంఘం 1934లో తుది నిర్ణయం చేసినప్పుడు పర్లాకిమిడి పట్టణంతో పాటు ఆ జమీందారీలో కొంత భాగం ఒరిస్సాకు చేరింది. మిగిలిన భాగం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఒకే జమీందారీ రెండు ముక్కలయింది. పట్టణం ఒక రాష్ట్రంలోనూ, దాని పొరుగునే ఉన్న పాతపట్నం మరొక రాష్ట్రంలోనూ పడ్డాయి.

రామమూర్తికి ఇది కఠిన పరీక్ష. తనకు ఉపాధి చూపిన సంస్థానం అది. ఆ సంస్థానం పాఠశాలలోనే ఆయన ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పారు. ఆ పట్టణంలో ఆయనకు ఒడియా మిత్రులూ శిష్యులూ ఉన్నారు. మౌనంగా ఉండి ఉంటే ఆయన వృద్ధాప్యం సుఖంగా గడిచిపోయేది. కాని తెలుగువారు అధికంగా ఉన్న ప్రాంతాన్ని, వారి అభీష్టానికి భిన్నంగా వేరొక భాషారాష్ట్రంలో చేర్చడం అన్యాయమని ఆయన నమ్మారు. అక్కడి తెలుగువారికి నాయకత్వం వహించి, ప్రభుత్వానికి విజ్ఞప్తులు పంపారు. ఆయన పోరాటం ఒడియా భాషపై కాదు, ఒడియా ప్రజలపై కాదు. భాషను ప్రమాణంగా తీసుకొని రాష్ట్రం ఏర్పరుస్తున్నప్పుడు ఆ ప్రమాణాన్ని తెలుగువారి విషయంలో ఎందుకు పాటించరన్నదే ఆయన ఆవేదన. ఆ విజ్ఞప్తులు ఫలించలేదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. ఆ దినాన పర్లాకిమిడిలో ఉండటానికి రామమూర్తి ఇష్టపడలేదు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై రెండు సంవత్సరాలు. శాసనాలు చదివిన ఊరు, సవరలకు బడి పెట్టిన ఊరు, జీవితకాలం గడిపిన ఊరు విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరుకొన్నారు. వ్యవహార భాషకోసం చేసిన యుద్ధంలో ఆయన గెలిచారు. సొంత ఊరికోసం చేసిన పోరాటంలో ఓడిపోయారు. ఆ ఓటమిని ఆయన ద్వేషంగా మార్చుకోలేదు. తాను లేని ఊరి కొండలమీద నివసించే సవరల భాషకు నిఘంటువు సిద్ధం చేసే పనిని రాజమహేంద్రవరంలోనూ కొనసాగించారు. గీసిన గీతకు ఆవల ఉన్నవారు తనకు పరాయివారని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ బిరుదునిచ్చి సత్కరించింది. చివరి దినాలలో కూడా పత్రికా సంపాదకులను కలుసుకొని, ప్రజల భాషలో రాయవలసిందిగా ఆయన విజ్ఞప్తి చేశారు. 1940 జనవరి 22వ తేదీన ఆయన పరమపదించారు. తెలుగువారికి ఒక రాష్ట్రం ఏర్పడటం ఆయన చూడలేదు. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. 1956 నవంబరు 1వ తేదీన తెలంగాణ ప్రాంతంతో కలిసి అది ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమయింది. భాష ఒక్కటే అయినా రాష్ట్రాలు రెండు కావచ్చునని, రాష్ట్ర నిర్మాణానికి భాషతో పాటు ఇతర ఆకాంక్షలూ కారణమవుతాయని ఈ పరిణామం తెలియజేసింది. పర్లాకిమిడి 1992 నుండి ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉంది. ఆ పట్టణంలో తెలుగు నేటికీ వినిపిస్తుంది. సాలూరుకు సమీపాన ఉన్న కొఠియా గ్రామాలు ఏ రాష్ట్రానికి చెందుతాయన్న వివాదం న్యాయస్థానాల వరకు వెళ్లింది. 1936లో గీసిన గీత వెనుక ఉన్న ప్రశ్నలు పూర్తిగా సమసిపోలేదనడానికి ఇది నిదర్శనం.

ఆ గీత గీసినప్పుడు తెలుగువారి వాదన విన్నవారున్నారు, ఒడియాల వాదన విన్నవారున్నారు. సవరలను అడిగినవారు లేరు. వారి కొండలు రెండు రాష్ట్రాలకూ పంచబడ్డాయి. క్విబెక్‌లోనూ ఇటువంటి సంఘటనే జరిగింది. అక్కడి ఉత్తర ప్రాంతంలో నివసించే క్రీ అనే ఆదివాసులు 1995లో తమకు తాముగా వేరొక అభిప్రాయ సేకరణ జరుపుకొన్నారు. వారిలో 96 శాతానికి పైగా కెనడాలోనే ఉంటామని తెలిపారు. తమ భాష అల్పసంఖ్యాకులదని బాధపడే ప్రజలు, తమ మధ్యనే ఉన్న మరింత అల్పసంఖ్యాకుల మాట వినడం మరచిపోతారు. భాషోద్యమాలకు ఇది ఒక హెచ్చరిక. సవరలు మాత్రం నిశ్చేష్టులుగా కూర్చోలేదు. పర్లాకిమిడి చేతులు మారిన ఆ 1936వ సంవత్సరంలోనే మంగేయి గొమాంగో అనే సవర విద్వాంసుడు తన మాతృభాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ శతాబ్దారంభంలో గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ప్రవేశపెట్టినప్పుడు సవర కూడా అందులో చోటు సంపాదించుకొంది. రామమూర్తి తన ఇంట ప్రారంభించిన పనికి ఇవి కొనసాగింపులే.

ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 29వ తేదీని, రామమూర్తి జన్మదినాన్ని, తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఆ రోజున ఆయనను తెలుగు భాషాభిమానిగా స్మరించడం సముచితమే. అయితే అంతటితో ఆగిపోతే ఆయనను సగమే తెలుసుకొన్నవారమవుతాము. తన భాషను ప్రేమించినవాడు పొరుగువాని భాషను కూడా నేర్చుకొన్నాడు. రాజవంశాల తెలుగుకూ, రైతుల తెలుగుకూ, కొండవాసుల సవరకూ ఆయన ఒకే శ్రద్ధతో చెవియొగ్గాడు. తెలుగువారికి న్యాయం కోరినప్పుడు ఆయన మాటకు విలువ రావడానికి కారణం, అంతకు పూర్వమే నలభై ఏళ్లపాటు తనవారు కానివారికి న్యాయం చేస్తూ రావడం. భాషపేరిట హక్కు అడిగే ప్రతివారికీ ఈ అర్హత ఉండాలి. రాష్ట్రాల ఎల్లలు కాలానుగుణంగా మారుతుంటాయి. ఒకరి మాటను మరొకరు గౌరవించే గుణం మాత్రం ఎల్లలతో నిమిత్తం లేకుండా నిలుస్తుంది. విద్యార్థులు రామమూర్తి పంతులుగారి జీవితం నుండి గ్రహించదగిన మొదటి విషయం ఇదే.